చిల్లులో పట్టుపోగు

మగ్గం మానేసి రేకుల పనిలో దిగి ఏళ్లయినా, నాకు తెలిసిన ఒకాయన చెవికి ఒక పట్టుపోగు చుట్టుకునే ఉండేవాడు. అదెందుకో నాకు అర్థమయ్యేది కాదు.

షుగరుతో నా కుడికాలికి స్పర్శ పోయింది. స్కూటరు మీద ఆ కాలు జారకుండా, కాలు పెట్టేచోట చిల్లుల రేకు వేయించుకుందామని ఆదోని నుంచి ఎమ్మిగనూరులో ఆయనింటికి వెళ్లి, సంగతంతా చెప్పాను. ఆయన పాత మగ్గం గుంటలోనే కాళ్లు పెట్టుకుని కూర్చుని పని మొదలుపెట్టాడు. రేకుకు చిల్లు పెట్టి, రెండు ఉక్కు అచ్చుల నడుమ ఉంచి బోల్టు బిగిస్తే, చిల్లు అంచు గిన్నె మూతిలా వంగేది. అంతవరకు లొడలొడ ఊగిన రేకు, చిల్లులు పెరిగేకొద్దీ గట్టిపడటం వింతగా తోచింది.

అంతకన్నా వింత, చెవి మీది పోగు తీసి ప్రతి చిల్లులోనూ దూర్చి, అంచు చుట్టూ లాగడం. పోగు చిక్కుకున్న చోటల్లా ఆకురాయితో రుద్ది, మళ్లీ లాగేవాడు.

నాకు విసుగొచ్చింది. "పట్టుచీర నేస్తాండావా ఏందప్పా? కాలు పెట్టుకునే రేకేగదా, ఇంక ఇయ్యి."

ఆయన తలెత్తలేదు. "ఈ అంచు కోసుకుంటే నీ కాలికి తెలుస్తాదా అన్నా?"

"తెలీదు."

"నీ కాలికి తెలీనిది ఈ పోగుకు తెలుస్తాది. రోంత కూసో."

ఇంకో గంట కూర్చున్నాను.

ఇప్పుడు కొత్త చెప్పులు కొన్నా సరే, కాలు పెట్టేముందు లోపలంతా ఒక పట్టుపోగు లాగి చూసుకుంటాను.