వరసలో రెండో మనిషి

మా ఆయన జేబులు వెతకటం నాకు పెళ్ళైన కొత్తలోనే అలవాటైంది. చొక్కా ఉతికే ముందు చూడాలి కదా అని పైకి చెప్పుకుంటాను గానీ, ఉతకని చొక్కాలు కూడా చూస్తాను. కూరగాయలవాడి తక్కెడ దగ్గర్నుంచి పక్కింటివాళ్ళ పలకరింపు దాకా నాకు అన్నిటిమీదా అనుమానమే. "పుట్టగానే నన్ను కూడా అనుమానంగానే చూసిందమ్మా ఇది" అనేది మా అమ్మ. ఇందులో సిగ్గుపడాల్సింది ఉందని నేనెప్పుడూ అనుకోలేదు. అనుమానించి చెడినవాళ్ళు నాకు కనపడలేదు. నమ్మి చెడినవాళ్ళని మా భవానీపురం వీధిలోనే అరడజనుమందిని చూపించగలను.

అలాంటిదాన్ని, ఎనిమిది నెలలపాటు ప్రతి ఆదివారం మా ఆయన్ని బ్యాగు తగిలించుకుని వెళ్ళనిచ్చానంటే, అది నమ్మకం అనుకోకండి. సాక్ష్యం కోసం ఎదురుచూస్తున్నాను.

మాది నేతపనివాళ్ళ కుటుంబం. మగ్గం మా మామగారితోనే ఆగిపోయింది, ఆయన పెట్టిన చేనేత బట్టల కొట్టు మిగిలింది. వన్‌టౌన్‌లో ఆ కొట్టు, భవానీపురంలో ఇల్లు. ఈ రెంటి మధ్య ముప్పై ఏళ్ళు స్కూటరు మీద తిరిగిన మనిషి ఉన్నట్టుండి స్కూటరు అమ్మేశారు. నడిస్తే ఆరోగ్యానికి మంచిదట. ఆ తర్వాత నెల తిరక్కుండానే కొండలెక్కే గ్రూపొకదాంట్లో చేరారు. గ్రూపుని నడిపేది పటమటలో ఉండే ఒకావిడ, నర్సుగా చేసి రిటైరైంది. "మంచి మనిషి" అని ఆవిడ గురించి మా ఆయన ఒకే వారంలో రెండుసార్లు అన్నారు. నా వంటని కూడా ఆయన ఒక్కసారి మించి మెచ్చుకున్నది లేదు.

కొట్లో గుమాస్తా ఒకరోజు నోరు జారాడు. రోజూ మధ్యాహ్నం ఆవిడ ఫోను చేసి, ఒక్క మాట అడిగి పెట్టేస్తుందట. ఏం మాటరా అంటే తల గోక్కున్నాడు. నిప్పు లేనిదే పొగ రాదని నేను ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

డిసెంబరులో గ్రూపువాళ్ళు గుంటూరు దాటి ఒక గ్రానైటు కొండ చుట్టూ నడవబోతున్నారని తెలిసింది. అటవీశాఖవాళ్ళు ఆ కొండని పార్కుగా చేసి, చుట్టూ తిరిగి రావటానికి దారి వేశారట. నేనూ వస్తానన్నాను. ఆయన చేతిలో కాఫీ గ్లాసు అక్కడే ఆగిపోయింది.

"నీ మోకాళ్ళకి కష్టమే."

"నా మోకాళ్ళ సంగతి నేను చూసుకుంటాలెండి."

"రాళ్ళుంటాయి. ఎండుంటది. పైగా అందరూ కొత్తవాళ్ళు."

"మీకు పాతవాళ్ళేగా. పరిచయం చేద్దురుగాని."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆయన వాలకం. ఇక నేను ఆగుతానా?

వ్యాను మా వీధి చివర మమ్మల్ని ఎక్కించుకుని పటమట వెళ్ళింది. అక్కడ ఆవిడ ఎక్కింది. అరవై ఏళ్ళ మనిషి, పొట్టిగా, గట్టిగా ఉంది. రోడ్డుపనివాళ్ళు వేసుకునే నారింజరంగు జాకెట్టొకటి చీరమీద తొడుక్కుంది. నన్ను చూడగానే, "వదినగారా! వచ్చి మంచి పని చేశారండీ" అంది. మాట నాతో, చూపు మా ఆయన వైపు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. వదినగారట. అన్నయ్యగారూ, వదినగారూ అని వరసలు కలిపేవాళ్ళని నేను చాలామందిని చూశాను.

వారధి దాటాక టీకి ఆపారు. నేను కప్పు తీసుకుని వెనక్కి తిరిగేసరికి, ఆవిడ మా ఆయనకి టీ ఇస్తోంది. ఇవ్వటం అంటే మామూలుగా కాదు. కప్పుని ఆయన చేతిలో పెట్టి, వేళ్ళు దానిచుట్టూ మూసుకునేదాకా తన చెయ్యి తియ్యలేదు. చుట్టూ ఇరవైమంది ఉన్నారు. ఒక్కరు కూడా వింతగా చూడలేదు. అదే నాకు ఇంకా వింతగా ఉంది. అంటే అందరికీ తెలుసన్నమాట. తెలియనిది నాకొక్కదానికే. నా టీ చల్లారిపోయింది.

కొండ దగ్గర దిగాక ఆవిడ కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసింది. అయ్యాక కొబ్బరికాయ తెచ్చుకున్నవాళ్ళు కొబ్బరికాయ కొట్టుకున్నారు. తర్వాత అందర్నీ ఒకరి వెనక ఒకరిని నిలబెట్టింది. మొదట ఆవిడ, రెండో మనిషి మా ఆయన. కొత్తవాళ్ళు చివర్లో ఉండాలట, అదే పద్ధతట. నన్ను తీసుకెళ్ళి ఇరవయ్యోదాన్ని చేసింది. నా వెనక కంకిపాడు నుంచి వచ్చిన ఒక రైతు. ఎవరూ వెనకపడకుండా చూసే పని ఆయనది.

దారి మొదట్లో బాగానే ఉంది. సీతాఫలం చెట్లు, తుమ్మలు, వాటి మధ్యలో ఏనుగంత బండలు. మరీ కష్టమైన నడక కాదు. కానీ ఈ గ్రూపువాళ్ళకి ఒక విచిత్రమైన పద్ధతుంది. ముందు నడిచే మనిషి దారిలో ఏముందో అరిచి చెబుతుంది. ఆ మాటని వెనక మనిషి తన వెనక మనిషికి అందించాలి. "రాయి!" అని ముందు నుంచి వినపడుతుంది. రాయి, రాయి, రాయి అనుకుంటూ అది నా దాకా వస్తుంది. "ఎడమ పక్క గుంట!" "కొమ్మ, తల వంచాలి!" "మెట్టు, జానెడు!" పట్టపగలు, ఎదురుగా కనపడుతున్న రాయిని రాయి అని ఇరవైమంది చెప్పుకోవటం ఏమిటి? బళ్ళో ఎక్కాలు అప్పజెప్పినట్టు.

"ఏంటండీ ఈ గోల? మనకి కళ్ళు లేవా?" అన్నాను రైతుతో.

"ఇదివరకు లేదండి ఇది. ఎవరి నడక వాళ్ళదే. మీవారు వచ్చినాకే..." అని ఠక్కున ఆగిపోయాడు.

"మావారు వచ్చినాక?"

"అబ్బే, ఏం లేదండి. కాలు జాగర్త, అక్కడ గులక ఉంది."

ఎంత అడిగినా ఆ తర్వాత ఆయన ఈ ఏటి మినుముల సంగతి తప్ప మరొకటి మాట్లాడలేదు. మా ఆయన వచ్చినాక ఈ గ్రూపులో పద్ధతులే మారిపోయాయట! ఇంట్లో బొట్టు పెట్టుకునే అద్దం అటునుంచి ఇటు మార్చాలన్నా నన్నడిగే మనిషికి ఇక్కడ అంత పెత్తనం ఎలా వచ్చింది? వంపు తిరిగినప్పుడల్లా నారింజరంగు జాకెట్టు, దాని వెనకే మా ఆయన నీలం చొక్కా కనపడేవి. మిగతా పద్దెనిమిదిమంది దిక్కులు చూస్తూ నడుస్తున్నారు. ఆయన మాత్రం ఆ జాకెట్టు మీంచి చూపు తియ్యటం లేదు. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆయన నా వెనక నడుస్తూ నావైపు అలా చూసింది లేదు.

సగం దారి అయ్యాక పెద్ద చాపరాయి ఉంది. అక్కడ భోజనాలన్నారు. నా చెప్పు తెగటం వల్ల నేను, రైతు పది నిమిషాలు వెనకపడ్డాం. మేము వెళ్ళేసరికి అందరూ పులిహోర డబ్బాలు విప్పుకుంటున్నారు. వాళ్ళలో ఆ ఇద్దరూ లేరు.

"ఎక్కడండీ మావారు?" అన్నాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అటు వెళ్ళొద్దని చెప్పటానికన్నట్టు ఒకామె చెయ్యి కూడా ఎత్తింది. ఆమె ఎటు వద్దనబోయిందో అటే వెళ్ళాను.

బండ చాటున మా ఆయన రాయి మీద కూర్చుని, తల వెనక్కి వాల్చి ఉన్నారు. ఆవిడ ఆయన మీదికి వంగి ఉంది. ఒక చెయ్యి ఆయన నుదుటి మీద.

నేనేం అన్నానో అన్నీ ఇక్కడ రాయలేను. "సిగ్గు లేదా" అన్నది గుర్తుంది. ఈ వయసులో అన్నది కూడా గుర్తుంది. బండలకి తగిలి నా గొంతు నాకే తిరిగి వినపడింది. భోజనాల దగ్గర మాటలు ఆగిపోయాయి.

ఆవిడ తల ఎత్తలేదు. "కదలకండి అన్నయ్యగారూ, ఇంకో కంటిక్కూడా వెయ్యాలి" అంది. వేసింది. చిన్న తెల్ల సీసా మూత బిగించి, తన బ్యాగులో పెట్టుకుని అప్పుడు నావైపు తిరిగింది.

"ఆయన చెబుతానంటే ఇన్నాళ్ళు ఊరుకున్నానండీ. గ్లకోమా అండి. నీటికాసులంటారు. ఎదురుగా ఉన్నది కనపడుతుంది. పక్కలు కనపడవు, కింద కనపడదు. గొట్టంలోంచి చూసినట్టుంటుందంట. మొదటి వారమే నాకు అనుమానం వచ్చింది, నేనే ఆసుపత్రికి తీసుకెళ్ళా. మందు రోజుకి మూడుసార్లు పడాలి, సీసా కొట్లో దాచుకుని అక్కడే వేసుకుంటారు. వేసుకున్నారో లేదోనని మధ్యాహ్నం ఫోన్ చేస్తుంటా. ఆదివారాలు సీసా నా దగ్గరే ఉంచమన్నారు, మీరు జేబులు చూస్తారంట కదా."

ఆవిడ చెబుతూనే ఉంది. ఒక్కడి కోసం అరిస్తే మనిషి చిన్నబుచ్చుకుంటాడని, అందరూ అందరికీ చెప్పుకునే పద్ధతి పెట్టారట. ఆ జాకెట్టు ఆయనకి కనపడాలని కొన్నదట. పోయిన చూపు తిరిగి రాదట, ఉన్నది కాపాడుకోవటమేనట. "ఒక ఏడాది ముందు తీసుకొచ్చుంటే చాలా మిగిలేదన్నారండీ డాక్టరుగారు" అని మెల్లగా అంది.

నాకు ఎందుకు తెలియలేదు? కొట్లో ఆయన బట్టని చూడరు, పట్టుకుంటారు. కళ్ళు మూసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పోగు నలిపి, ఇది ఎన్నో నంబరు నూలో చెప్పటం ఆయన గొప్ప. అది చూడటానికే వచ్చే ఖాతాదారులున్నారు. తడుముకుంటూ బతకటం మా ఇళ్ళలో పనితనం. గుమ్మం తగిలి వేలు చితికితే పరాకు అనుకున్నాను. పక్కన పెట్టిన గ్లాసు తన్నేస్తే పొగరనుకున్నాను.

మిగతా నడకకి లేచేటప్పుడు ఆవిడ ఆ నారింజరంగు జాకెట్టు విప్పి నాకిచ్చింది. "మీరు ముందు నడవండి వదినగారూ" అంది. నేనన్న మాటలు ఆవిడ వినలేదేమో అన్నట్టుంది ఆ మొహం. క్షమించమని అడగాల్సినదాన్ని, జాకెట్టు తొడుక్కున్నాను.

"రాయి ఉందండీ," అన్నాను. "కుడి పక్క గుంట." నాకు ఆ పని చేతకాలేదు. ఒక్కోసారి ఆలస్యంగా చెప్పాను, ఒక్కోసారి లేని మెట్టు చెప్పాను. వెనకాల ఆయన అడుగులు నా అడుగుల్లోనే పడుతున్నాయి. కాసేపటికి, వెనక్కి తిరగకుండానే అడిగాను.

"పరాయివాళ్ళందరికీ చెప్పుకున్నారు. నాకు చెప్పాలనిపించలేదా?"

"నీకే ముందు చెప్పానుగా."

"ఎప్పుడు?"

"ఉయ్యూరు వెళ్ళినప్పుడు. మీ అన్నయ్య కూతురు ఓణీల ఫంక్షనుకి."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. గుమాస్తాకి పాత సరుకు ఏ అరలో ఉందో చెప్పినట్టు చెప్పారు.

నాకు గుర్తొచ్చింది. ఏడాదిన్నర క్రితం. ఆ పొద్దున ఆయన స్కూటరు పక్కన నిలబడి, "ఎడం పక్క ఏదో చీకటిగా ఉంటందే. బండి నడపలేను, బస్సులో పోదాం" అన్నారు. నేను పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, "మా పుట్టింటికి అనేసరికి మీకు కళ్ళు కూడా కనపడవు" అన్నాను. ఆయన బండి తీశారు. బందరు రోడ్డు మీద లారీల మధ్య, కంకిపాడు మీదుగా ఉయ్యూరు దాకా నన్ను వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళారు. దారి పొడవునా మెడ అటూ ఇటూ తిప్పి తిప్పి చూస్తూ నడిపారు. బస్టాపు దగ్గర నేను ఆయన వీపు మీద పొడిచి, "ఆడపిల్లల్ని చూసింది చాలు, రోడ్డు చూడండి" అన్నాను.

నా కాళ్ళు ఆగిపోయాయి. ఎదురుగా దారికి అడ్డంగా బండ ఉంది, దాని పక్కన లోయ. చెప్పాలి.

నా వెనక ఆయన ఆగారు. ఆయన వెనక మిగతావాళ్ళంతా ఒక్కొక్కరే ఆగారు.

"ఏముందే అక్కడ?" అన్నారు ఆయన. "నువ్వు చెబితేగా నేను అడుగెయ్యాలి."