బార్డొలీనోలో నేను చెప్పిన అబద్ధం

దుబాయ్‌లో సైట్ ఇంజనీరుగా ఉండగా, 2015 సెప్టెంబరులో సెలవు పెట్టి ఇటలీ వెళ్లాను. సరస్సు ఒడ్డున బార్డొలీనో అనే చిన్న ఊరు, వైన్‌కు పేరుపడింది. ద్రాక్షకోత చూడ్డానికి ఒక తోటలోకి వెళ్లాను. పన్నెండు కాగానే యజమానురాలు, డెబ్బై ఏళ్లావిడ, పని ఆపించింది. కూలీలందరినీ నీడలో బల్ల చుట్టూ కూర్చోబెట్టి తనే వడ్డించింది. నన్నూ కూర్చోమంది.

నా పక్కన కూర్చున్న కూలీ పంజాబీ. ఒకప్పుడు దుబాయ్‌లోనే, సోనాపూర్ లేబర్ క్యాంపులో ఉన్నాడట.

"దుబాయ్‌లో ఎండాకాలం మధ్యాహ్నం ఇప్పుడైనా పని ఆపుతున్నారా సాబ్, లేక కాగితం మీదేనా?" అని, నేనక్కడ ఇంజనీరునని విని, హిందీలో నవ్వుతూ అడిగాడు.

"ఆపుతున్నాం" అన్నాను.

అతను ఆ మాట ఆవిడకు చెప్పాడు. ఆవిడ నా భుజం తట్టి గ్లాసు నిండా వైన్ పోసింది. తాగేశాను.

అంతకు రెండు నెలల ముందే, జులైలో, చట్టం ప్రకారం ఎండకు పని ఆపాల్సిన మధ్యాహ్నం వేళ, మా సైట్‌లో కూలీ జగిత్యాల మల్లేశ్ నా దగ్గరికొచ్చాడు. "సార్, కండ్లు తిరుగుతున్నయ్. జర నీడకు పోత."

"ఈ స్లాబ్ ఖలాస్ చెయ్ మల్లేశ్. యల్లా, త్వరగా!"

సాయంత్రానికి చనిపోయాడు. విశ్రాంతి వేళలో, నీడలో పడుకుని పోయాడని రిపోర్టు రాశాను. అతని భార్యకూ ఫోన్‌లో అదే చెప్పాను.

అది నిజం కాదమ్మా. నీ భర్త నీడకు పోతానని అడిగాడు. నేనే పోనివ్వలేదు.