తప్పంతా డబ్బీదే

డాన్యూబ్ నది ఒడ్డున విదిన్ ఊళ్లో స్టామెన్‌ని పేరు పెట్టి పిలిచేది పెళ్లాం నెవెనా ఒక్కతే. మిగతా ఊరంతా ఛాంపియన్ అంటుంది. సాంస్కృతిక సంఘం వాళ్లు ప్రావెత్స్ అనే కంప్యూటర్ తెచ్చిన కొత్తలో, దాని మీద ఆడే పడవ ఆటలో కుర్ర స్టామెన్ జిల్లాకంతటికీ మొదటివాడిగా వచ్చాడు. డాన్యూబ్‌లో కొట్టుకొచ్చే దుంగలకు తగలకుండా ఎర్ర పడవని నడిపించే ఆట అది. ఇచ్చిన కప్పు రేకుది. బతుకంతా ఆ రేకు కప్పుతోనే లాక్కొచ్చాడు మహానుభావుడు. రేవులో టిక్కెట్లు చింపే ఉద్యోగం చేశాడు గానీ నడక మాత్రం ఓడ కెప్టెన్ నడకే. పిల్లనడగడానికి కూడా కప్పు చంకలో పెట్టుకుని వెళ్లాడు. ఎందుకు ఒప్పుకుందో నెవెనాకి ఇప్పటికీ తెలియదు.

ఆ కంప్యూటర్ ఇంకా పనిచేస్తోంది. ఏటా ద్రాక్ష కోతలయ్యాక సంఘం హాల్లో దాన్ని బయటికి తీస్తారు, ఊరంతా వచ్చి ఆడుతుంది. పాత డబ్బా టీవీ కాలిపోయాక గోడకి ఎల్‌ఈడీ టీవీ బిగించారు. పాత కంప్యూటర్ పంపే బొమ్మ కొత్త టీవీకి బోధపడదు కాబట్టి రెంటికీ మధ్య అగ్గిపెట్టెంత కన్వర్టర్ డబ్బీ ఒకటి పెట్టారు. బొమ్మని మార్చి అందించడానికి ఆ డబ్బీకి ఒక రెప్పపాటు పడుతుంది. మీట ఇప్పుడు నొక్కితే పడవ ఆ రెప్పపాటు ఆగి కదులుతుంది. పైగా రంగు పోయి, ఎర్ర పడవ బూడిదరంగు చారలుగా అడ్డంగా సాగిపోయింది.

అప్పటినుంచి స్టామెన్ ఓడిపోతూనే ఉన్నాడు. ఎక్కువసార్లు మరదలు జెచ్కా చేతిలో. ఆవిడ బేకరీలో చీజు పెట్టిన బానిత్సా రొట్టెలు కాల్చే మనిషి, వేళ్ల సందుల్లో పిండితోనే వచ్చి ఆడుతుంది.

"డబ్బీ! చూశారుగా, నేను నొక్కాను, అది కదల్లేదు!" అని అరిచాడు స్టామెన్.

"నేనాడిందీ ఆ డబ్బీతోనే కదా బావగారూ. నాకేమన్నా చుట్టమా అది?" అంది జెచ్కా.

"నీకు తెలీదులేవే. నీది బండ చెయ్యి, దానికి ఆలస్యం ఆనదు. నాది సున్నితమైన చెయ్యి."

"అంత సున్నితమైతే ఇంట్లో గిన్నెలు కడిగించకే అక్కా, అరిగిపోతుంది!"

హాలంతా గొల్లుమంది. స్టామెన్ మాత్రం తగ్గలేదు. మంగలి దుకాణంలో, రేవులో, రకియా సారా గ్లాసు పట్టుకున్న ప్రతిచోటా ఒకటే పాట. "ఒక్క డబ్బా టీవీ తెచ్చి పెట్టండి, ఒక్కటంటే ఒక్కటి! అప్పుడు చూపిస్తా ఛాంపియన్ అంటే ఏమిటో." ఊళ్లో డబ్బా టీవీ మిగల్లేదని, అందరూ ఎప్పుడో పాతసామాన్లవాడికి వేసేశారని స్టామెన్‌కి బాగా తెలుసు. ఆ ధైర్యంతోనే అంత గొంతు చించుకున్నాడు.

ఒక ఏడు కోతలయ్యాక జెచ్కా తోపుడు బండి మీద డబ్బా టీవీ తోసుకుంటూ హాల్లోకి వచ్చింది.

"మా అత్తగారు మిరపకాయలు కాల్చుకునే పాకలో ఉంది బావా, ల్యుతెనిత్సా పచ్చడి సీసాల కింద. డబ్బీ లేదు, గిబ్బీ లేదు. కూర్చో."

స్టామెన్ రెండడుగులు వెనక్కి వేశాడు. నడుం నొప్పన్నాడు, కళ్లజోడు మరిచానన్నాడు. కళ్లజోడు జేబులోనే ఉందని నెవెనా చూపించింది. చేసేది లేక కూర్చున్నాడు.

వైరు గుచ్చగానే తెర మీద పడవ ఎర్రగా వెలిగింది. మీట నొక్కితే నొక్కిన క్షణానే కదిలింది. మొదటి మలుపు దాటకుండానే దుంగకి గుద్దుకుంది. జనం నవ్వారు. "చెయ్యి వేడెక్కలేదు, ఇంకోసారి" అన్నాడు. మళ్లీ గుద్దుకుంది, మళ్లీ నవ్వారు. ఆ తర్వాత గుద్దుకున్నప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు. పడవ ఆలస్యం కాలేదు, వేలే ఆలస్యమైంది. ఆ సంగతి స్టామెన్‌కి తెలిసిపోయింది. భయం వేసింది. ఈ కప్పు పోతే తన దగ్గర చింపిన టిక్కెట్లు తప్ప మరేమీ లేవు.

అయినా పెద్దమనిషి బుద్ధి ఎక్కడికి పోతుంది? మర్నాడే సంఘం పెద్దల దగ్గరికి పోయాడు. డబ్బా టీవీ కిరణాలు పిల్లల కళ్లకి మంచివి కావట, కరెంటు తాగేస్తుందట, ఎప్పుడు పేలుతుందో చెప్పలేమట. ఎల్‌ఈడీ బొమ్మ ఎంత శుభ్రంగా ఉంటుందో అరగంట పొగిడాడు. సంఘం మేలు కోరి తానే దాన్ని తోపుడు బండి కెక్కించి పాతసామాన్లవాడికి ఇచ్చొచ్చాడు. నడుం నిజంగానే పట్టేసింది. ఇన్నాళ్లూ ఒక రెప్పపాటుని తిట్టి బతికినవాడు, ఆ రెప్పపాటుని కాపాడుకోవడానికి వారం రోజులు మంచం మీద మూలిగాడు.

మళ్లీ ద్రాక్ష కోతలు అయ్యాయి. గోడ మీద ఎల్‌ఈడీ, మధ్యలో డబ్బీ, బూడిదరంగు పడవ. స్టామెన్ దర్జాగా కూర్చుని ఆడాడు, ఓడాడు, కుర్చీ వెనక్కి జరిపాడు.

"డబ్బీ! నేను నొక్కాను, అది..."

అని మరదలి వైపు తిరిగాడు. ఆవిడ ఏ ఎత్తిపొడుపు విసిరినా తిప్పికొట్టడానికి నాలుక చివర మాట సిద్ధంగా ఉంది.

జెచ్కా చేతుల పిండి గౌనుకి తుడుచుకుని, వేడి బానిత్సా ముక్క ఒకటి తెచ్చి అతని ముందు పెట్టింది.

"అవును బావా, తప్పంతా డబ్బీదే. నువ్వు తిను."

"అవునవును, డబ్బీదే" అన్నారు వెనక బల్లల మీదవాళ్లు, జబ్బుమనిషి దగ్గర మాట్లాడినట్టు మెల్లగా.

ఒక్కరైనా నవ్వకపోతారా అని స్టామెన్ హాలంతా మొహం మొహం వెతికాడు.