చూసినవాళ్లే మాట్లాడండి

లోగియా రోడ్డు మీద నా ఫోన్ ఛార్జింగ్ బడ్డీ ఉన్నంతకాలం ఇథియోపియాలోని మా అఫార్ ఎడారి నేల మీద ఏ కబురూ ఆకలితో పడుకోదు. నేను బడి మానేశానని కొందరంటారు. తప్పు. నేర్పడానికి ఏమీ మిగలక బడే నన్ను వదిలేసింది. ఇక నా సోలార్ పలక సంగతంటారా, ఒకసారి దాని మీద వాలిన కాకి ఇప్పటికీ చీకట్లో మెరుస్తూ ఎగురుతోంది.

అంతటి నన్ను నోరెత్తనివ్వని మనిషి ఒక్కతే. ఆమె పేరు అస్యాతో. మేకలు కాచుకుని పిల్లల్ని పెంచే మనిషి. గొంతు విప్పిందంటే ఒంటెలు కూడా వరసలో నిలబడతాయి.

మావాళ్లు ఇద్దరు దారిలో ఎదురైతే ఎంత తొందరున్నా చతికిలబడి కబురు ఇచ్చిపుచ్చుకోవాల్సిందే. ఎక్కడ వాన పడింది, ఎక్కడ రోగం తగిలింది. విన్నవాడు "కళ్లారా చూశావా, ఎవరైనా చెబితే విన్నావా?" అని అడగాలి. లేనిపోనిది మోసుకొచ్చినవాడు పెద్దల ముందు తలదించుకోవాలి. అందుకే కబురంటే మాకు అంత నమ్మకం. ఆ నమ్మకాన్ని అలాగే తీసుకెళ్లి ఫోన్‌లో పెట్టాం. అడగాల్సిన మాట మాత్రం మరిచాం.

ఆ ఏడు ఎండ మండిపోతోంది. ఒక ఉదయం మా వాట్సాప్ గ్రూపులో పచ్చటి ఫోటో పడింది. "ఎలిదార్ వైపు వాన! గడ్డి మోకాలెత్తు!" గూడెమంతా చాపలతో కట్టిన గుడిసెలు విప్పి ఒంటెల మీదికెక్కించారు. అస్యాతో కూడా సగం విప్పింది. అంతలో ఏమనుకుందో, నేరుగా నా బడ్డీకి వచ్చింది.

"తమ్ముడూ, నా మేకలు ఒక్క ప్రయాణమే తట్టుకుంటాయి. అక్కడ గడ్డి లేకపోతే తిరిగి రావడానికి మేకలుండవు. ఈ వాన ఎవరు చూశారు?"

ఆమె మరిది ఉత్బాన్ ఒంటె తాడు పట్టుకుని నవ్వాడు. "వదినా, నీకు మబ్బు వచ్చి సంతకం పెట్టాలా ఏంటి? కదులు!"

"నువ్వు చూశావా?"

"విన్నాను."

"ఎవరి దగ్గర?"

సెమెరాలో మేనల్లుడి దగ్గరట. ఫోన్ కలిపాను. అతనూ విన్నవాడే. అతనికి చెప్పినవాడూ విన్నవాడే. ఆఖరికి ఈ కబురు తాడు కొస జిబూటీలో ఫోన్ల కొట్టు పెట్టుకున్న ఒకడి దగ్గర తేలింది.

"నేను వాన చూడలేదక్కా," అన్నాడతను నిదానంగా. "ఫోటో పచ్చగా ఉంది. మనవాళ్ల కళ్లు చల్లబడతాయని పెట్టాను."

"కళ్లు సరే నాయనా. నా మేకలు నీ ఫోటో మేస్తాయా?"

ఉత్బాన్ తాడు వదిలేశాడు.

అస్యాతో నా ఫోన్ లాక్కుని గ్రూపులో గొంతు రికార్డు చేసింది. "అందరికీ శాంతి. ఎక్కడైనా సరే, వాన చూసినవాళ్లే మాట్లాడండి. విన్నవాళ్లు నోరు మూసుకోండి."

పొద్దస్తమానం సంతలా మోగే గ్రూపు చప్పబడిపోయింది. టీ కాచుకున్నాం, తాగాం. అస్యాతో విప్పిన చాపల మీద కూర్చుని, నీడన పడుకున్న తన మేకల పక్కటెముకల వైపు చూస్తోంది.

అప్పుడు ఎవరో మోమినా అనే ఆవిడ గొంతు వినిపించింది. "నేను చూశాను. మిల్లే వాగుకి ఎగువన. అక్కడే నిలబడి మాట్లాడుతున్నాను, కాళ్లకి బురద."

"గడ్డి ఉందా అక్కా? ముదురా, మొలకా?" అడిగింది అస్యాతో.

"నన్నెందుకడుగుతావ్? మేసేవాళ్లనే అడుగు."

వెనకాలే ఇంకో రికార్డు వచ్చింది. అందులో మాటల్లేవు. పరపరమని గడ్డి తెగే చప్పుడు, నమిలే చప్పుడు. అస్యాతో ఫోన్ పూర్తి శబ్దంతో పెట్టింది. నీడన పడుకున్న ముసలి మేక చెవులు నిక్కించి లేచి నిలబడింది.

"ఇదిగో, ఇది చదువుకున్న మేక," అన్నాను నేను.

"నీకన్నా నయం," అంది అస్యాతో, చాపలు కట్టుకుంటూ.

గూడెమంతా ఎలిదార్ వైపు తిరిగిన ఒంటెల్ని మిల్లే వైపు మళ్లించింది. అందరికన్నా ముందు నడిచింది ఉత్బానే. దారంతా ఎదురైన ప్రతివాణ్ణీ "చూశావా, విన్నావా?" అని చంపుకు తిన్నాడట.

వాళ్లు వెళ్లిన కొన్నాళ్లకి గ్రూపులో అస్యాతో గొంతు వచ్చింది. శాంతి చెప్పింది, అందరి పిల్లల్నీ పశువుల్నీ పేరుపేరునా అడిగింది. నేను విసుగొచ్చి ఆపేయబోతుంటే ఆఖర్న ఒక్క మాట అంది.

"చూశాను."

ఆ వెనక అంతా నమిలే చప్పుడే.