చీటీ లేని ట్యాబ్

మా నాన్న ముప్ఫై ఏళ్ళు ఒక ఫ్యాక్టరీ గేటు కాశాడు. చీటీ లేనిదే చీమని కూడా లోపలికి పోనివ్వలేదు. అందరూ ఆయన్ని ‘చీటీ ఏదీ’ అనే పిలిచేవాళ్ళు. రిటైరై ఆరేళ్ళయింది గానీ ఆ గేటు ఆయన్ని వదల్లేదు.

నేను పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తాను. వేసేది ట్యాబ్‌లో, పేజీల్లో అమర్చేది మొన్ననే కొన్న ల్యాప్‌టాప్‌లో. ఆ రోజు పన్నెండింటికల్లా ఇరవై నాలుగు బొమ్మలూ పంపకపోతే పుస్తకం ఇంకొకరికి ఇస్తామని ప్రచురణకర్త తేల్చి చెప్పాడు. అట్ట మీద నా పేరు పడబోయే మొదటి పుస్తకం అది.

పొద్దున్నే తొమ్మిదింటికి చూస్తే ట్యాబ్‌కి ల్యాప్‌టాప్ కనిపించదు. రెండూ ఒకే వైఫైలో, ఒకే బల్ల మీద జానెడు దూరంలో ఉండి, అలిగిన తోడికోడళ్ళలా మాట్లాడుకోవు. రౌటర్ ఆపి మళ్ళీ వేశాను. ల్యాప్‌టాప్ ఆపి మళ్ళీ వేశాను. పాస్‌వర్డ్ మూడుసార్లు కొట్టాను. కేబుల్ పెడదామంటే ట్యాబ్‌లో అది దూరేచోటు ఎప్పుడో దెబ్బతిని ఛార్జింగ్‌కి తప్ప పనికిరాదు. మెయిల్లో అంత పెద్ద ఫైళ్ళు పోవు. పదకొండయింది. ఏడుపొక్కటే తక్కువ.

“కాసిని మంచినీళ్ళు తాగమ్మా,” అన్నాడు నాన్న వెనకనుంచి.

“నువ్వు కాసేపు ఊరుకో నాన్నా!” అని కసిరాను.

చివరికి ల్యాప్‌టాప్ సెట్టింగుల్లో ‘అడ్డుకున్నవి’ అనే జాబితా దొరికింది. అందులో ఉన్నది ఒక్క నా ట్యాబే. నిన్న సాయంత్రం అడ్డుకున్నట్టు ఉంది. ఆ టైములో ల్యాప్‌టాప్‌లో వార్తలు చదివింది ఈయనే.

“నాన్నా, నిన్న ఇందులో ఏమైనా నొక్కావా?”

“ఎవరో లోపలికి వస్తామంటున్నారు, రానివ్వాలా అని అడిగిందమ్మా. పేరూ లేదు, ఊరూ లేదు, ఉత్త నంబరు. వద్దన్నాను.”

“అది నా ట్యాబ్ నాన్నా!”

“నాకేం తెలుసు? అది చెప్పలేదుగా మరి.”

ఒళ్ళు మండిపోయింది. “నువ్వెప్పుడూ అంతే! నా పదేళ్ళప్పుడు నీకు క్యారియర్ తెస్తే, చీటీ లేదని కన్నకూతుర్ని గంటసేపు గేటు బయట నిలబెట్టావు.”

“నిలబెట్టాను. నా గొడుగు నీకిచ్చి, నేనూ నీ పక్కనే ఎండలో నిలబడ్డాను కదమ్మా.”

గొడుగు సంగతి నేను మర్చేపోయాను. ట్యాబ్‌కి ఉన్న అడ్డు తీశాను. బొమ్మలు ఒక్కొక్కటే వచ్చాయి. పేజీల్లో పెట్టి పంపేసరికి పన్నెండుకి నాలుగు నిమిషాలు తక్కువ.

లేద్దామని కుర్చీ వెనక్కి జరిపితే ఆయన కాళ్ళకి తగిలింది. ఆ గదిలో ఉన్నది ఒక్కటే కుర్చీ. మోకాళ్ళ నొప్పులతో తొమ్మిదింటి నుంచీ నా వెనకే నిలబడి ఉన్నాడు, చేతిలో ఆ మంచినీళ్ళ గ్లాసు అలాగే ఉంది.