పాత షెడ్డు నుంచి వచ్చిన ఎర్ర వెలుగు

ఇది జరిగినప్పుడు నాకు అక్షరాలు రావు. నోటితో చెబితే విన్నవాళ్లు తలా ఒక ముక్క కలిపారు. ఒకరు తెల్లచీర అన్నారు, ఇంకొకరు గజ్జెల చప్పుడు అన్నారు. అలాంటివేవీ లేవు. మా బస్తీలో ఆడవాళ్లకు సాయంత్రం బడి పెట్టాక, తల నెరిసిన వయసులో రాయడం నేర్చుకున్నాను. అందుకే జరిగింది జరిగినట్టు ఇప్పుడు రాస్తున్నాను.

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. డుమస్ సముద్రపు ఒడ్డున దయ్యాలు తిరుగుతాయని సూరత్‌లో అందరూ అంటారు. నేను అక్కడ కూర్చుని టమాటా భజియాలు తిని, చీకటి పడ్డాక ఇంటికి వచ్చిన మనిషిని.

మా ఆయన మల్లేశం అదే సూరత్‌లో, పాండేసరలో ఒక మరమగ్గాల కార్ఖానాలో పనిచేసేవాడు. మగ్గాలు నడుస్తుంటే చెవిలో అరిచినా వినపడదు. అందుకని మధ్యాహ్నం నేను అన్నం డబ్బా పట్టుకుని షెడ్డు తలుపు దగ్గర నిలబడి టార్చ్ వేసేదాన్ని. రెండుసార్లు చిన్నగా, ఒకసారి నిడివిగా. తిండికి రమ్మని. మగ్గాల మధ్య నుంచి ఆయన తన టార్చ్ ఒక్కసారే నిడివిగా వేసేవాడు. ఆగు, వస్తున్నా అని.

ఒకరోజు అలాగే ఆయన వెలుగు కనిపించింది. ఆగాను. ఆయన రాలేదు. మగ్గం పక్కనే గుండె ఆగి పడిపోయాడు. తర్వాత ఆ షెడ్డును మూసేశారు. నన్ను ఆ కార్ఖానా ఆఫీసులోనే ఊడ్చే పనికి పెట్టుకున్నారు.

మా బిడ్డ రజిత కంప్యూటర్ లైన్లు వేసే ఒక కాంట్రాక్టర్ దగ్గర చేరింది. అక్కడ ఈ పని చేసేవాళ్లంతా మగవాళ్లే. ఈమెతో ఫోన్లు ఎత్తించేవాడు. ఎంతో అడిగితే, మా కార్ఖానాలో కొత్త స్విచ్ పెట్టే పనికి ఒక్కదాన్నే పంపాడు. సాయంత్రంలోగా అన్ని షెడ్లకూ లైన్ రావాలి. వస్తే ఇకమీద బయటి పనులు ఇస్తాడు, లేకపోతే మళ్లీ ఫోన్ల దగ్గరికే. బిడ్డకు రెండో అవకాశం ఉండదని నాకు తెలుసు.

అది కార్ఖానా సెలవు రోజు. నేను, రజిత, వాచ్‌మన్ గంగారాం తప్ప ఎవరూ లేరు. గంగారాంది మా సొంతూరి పక్క ఊరే.

"అమ్మా, ఇయ్యాల కొత్త స్విచ్ చాలూ చేస్తున్న" అంది రజిత. నేను గోడ వైపు చూశాను.

"గోడ మీదిది కాదే. గీ డబ్బా. దీనికి రాగి తీగలు పట్టవు. అన్నీ గాజు పోగులే."

"గాజా? పగులతది కదనే."

"నీ చేతి గాజుల లెక్క కాదు. లోపట వెలుగు పోతది, గంతే."

గంగారాం తలుపు దగ్గర నిలబడి నవ్వాడు. "ఏంది వదినె, నీ బిడ్డ ఎలుగుతోని కార్ఖానా నడుపుతదట. ఇగ కరెంటు బిల్లు శేఠ్ కడతడా, సూర్యుడు కడతడా?"

"మామా, ముచ్చట్లు తర్వాత. ముందుగాల తాళాలు తే" అంది రజిత.

కొత్త మగ్గానికి పెట్టినట్టే నేను ఆ డబ్బాకు కుంకుమ బొట్టు పెట్టాను. "సందులల్ల పడకుంట చూడు" అంది రజిత, కానీ వద్దనలేదు.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. ప్రతి షెడ్డుకూ రెండు పోగులు జంటగా పోతాయి. ఒకదాంట్లో మన వెలుగు వెళ్తుంది, రెండోదాంట్లో అవతలి వెలుగు వస్తుంది. రెండూ అందితేనే డబ్బా మీద పచ్చ దీపం పడుతుంది.

కరెంటు ఇవ్వగానే దీపాలు ఒక్కొక్కటే పడ్డాయి. మల్లేశం పనిచేసిన పాత షెడ్డుది మాత్రం పడలేదు. అందులో కొత్త మగ్గాలు పెడతారట, అందుకని అక్కడికీ లైన్ వేశారు.

రజిత దగ్గర ఎర్ర వెలుగు వేసే పెన్ను ఉంది. దాన్ని పోగు కొసకు తగిలిస్తే, పోగు బాగుంటే అవతలి కొసన ఎర్రగా కనిపిస్తుంది. పెన్ను నా చేతికిచ్చి, కళ్లకు ఎదురుగా పెట్టుకోవద్దని చెప్పి, గంగారాంతో పాత షెడ్డుకు పోయింది. నేను పెన్ను నొక్కాను. ఫోన్‌లో "రాలే" అంది. రెండో పోగుకు పెట్టమంది. "రాలేదమ్మా, నేల లోపట కేబుల్ తెగింది" అంది.

పోగుల కొసలకు మూతలు పెట్టి, షెడ్డుకు తాళం వేసి తిరిగి వచ్చింది. వరండాలో నిలబడి కాంట్రాక్టర్‌కు ఫోన్ చేసింది. "హా భాయ్... జీ భాయ్" అనడమే వినిపిస్తోంది. ఫోన్ పెట్టేసి, "రేపు ఇంకొకర్ని పంపుతడటమ్మా" అని అక్కడి నుంచే చెప్పింది.

నేను లోపల ఒక్కదాన్నే ఉన్నాను. పెన్ను ఇంకా ఒక పోగుకే ఉంది. దాని జంట పోగు నా ఎడమ అరచేతి మీద వేలాడుతోంది. ఏ ఆలోచనా లేకుండా, చేతికున్న పాత అలవాటుతో నొక్కాను. రెండుసార్లు చిన్నగా, ఒకసారి నిడివిగా.

నా అరచేతిలో ఎర్రటి చుక్క పడింది. గోరింటాకు చుక్కంత. నిడివిగా ఉండి ఆరిపోయింది.

రజితను పిలిచాను. ఆమె ముందు మళ్లీ నొక్కాను. చుక్క మళ్లీ పడింది, ఒక్కసారే, నిడివిగా. ఈసారి రజిత కూడా చూసింది. పాత షెడ్డు తాళంచెవి ఆమె చేతిలోనే ఉంది. గంగారాం వరండా మెట్ల మీద బీడీ తాగుతున్నాడు.

"అక్కడ ఎవరున్నరే?" అన్నాను.

"ఎవరుంటరమ్మా" అంది, కానీ పరుగెత్తింది. ముగ్గురం పోయాం. తాళం వేసినట్టే ఉంది. లోపల మనిషి లేడు. పోగుల మూతలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. రజిత మూతలు తీసి, పోగులను ఆ షెడ్డులో పెట్టిన చిన్న డబ్బాకు తగిలించింది. ఆఫీసుకు వచ్చి, ఇటు కొసలను స్విచ్‌కు పెట్టింది. పచ్చ దీపం పడింది.

కాంట్రాక్టర్ మాట నిలబెట్టుకున్నాడు. ఇప్పుడు రజిత బయటి పనులకే పోతోంది. ఆ కేబుల్ ఎక్కడో వంగి, మళ్లీ సర్దుకుని ఉంటుందంటుంది. కావచ్చు. నేను వేసిన వెలుగే తిరిగి వచ్చిందా అని కూడా అడిగాను. తిరిగి వస్తే అదే పోగులో రావాలి, పక్కదాంట్లో రాదు అంది. నేను వేసినట్టే పడాలి, ఒక్కటే నిడివిగా పడదు. పైగా పెన్ను ఒక్కటే ఉంది, అది నా చేతిలో ఉంది. మల్లేశం టార్చ్ సంగతి రజితకు తెలుసు. మేమిద్దరం మాత్రం ఆ మాట ఎత్తలేదు.

ఆ దీపం పడిన మరుసటి రోజు పొద్దున పనికి అందరికన్నా ముందు పోయాను. ఆయన వస్తువులతో పాటు ఇంటికి వచ్చిన టార్చ్‌లో కొత్త సెల్లులు వేసి వెంట తీసుకుపోయాను. పాత షెడ్డు షట్టర్ కింద కాస్త సందు ఉంది. నేల మీద కూర్చుని, టార్చ్‌ను ఆ సందు దగ్గర పెట్టాను. తిండికి రమ్మని వేయలేదు. ఆయన వేసినట్టు ఒక్కసారే, నిడివిగా వేశాను. తర్వాత లేచి, చీపురు తీసుకుని ఆఫీసులోకి పోయాను.