ఆర్లీన్ కాచిన చేదు బీరు

ఆర్లీన్ మార్కోట్ ముక్కు చచ్చిపోయి అప్పటికి రెండేళ్ళు కావస్తోంది. ‘చచ్చిపోయింది’ అన్నది ఆమె మాటే. డాక్టరు దానికి పలకడానికి కష్టమైన పేరేదో చెప్పాడు. ఊరంతా పడ్డ ఆ జ్వరమే ఆమె కూడా పడింది. దగ్గు పోయింది, నీరసం పోయింది, వాసన మాత్రం తిరిగి రాలేదు.

మా మాక్సీ ఊళ్ళో ముక్కు లేకుండా బతకడం చెవుడుతో సంగీత కచేరీలో కూర్చోవడం లాంటిది. ఆగస్టు చివర్లో హాప్స్ కోతలు మొదలయ్యాయంటే లోయ మొత్తం ఒకటే వాసన. ఇంటి చూరు దాటి పెరిగిన తీగలను కోసి, పూలు రాల్చి, బట్టీల్లో ఆరబెడతారు. బీరులోని చేదంతా ఆ పూలదే. ఆ పచ్చి వాసన ఆరేసిన దుప్పట్లకు పడుతుంది, కుక్కల బొచ్చుకు పడుతుంది, ఆదివారం చర్చిలో పక్కవాడి కోటులోంచి కూడా వస్తుంది. ఆర్లీన్ పుట్టి పెరిగింది ఆ వాసనలోనే. ఆమె తాతలు కెనడా నుంచి వచ్చి ఇక్కడ నాటిందీ ఆ తీగలే.

ఆమె, నేను బడి వంటింట్లో ఏళ్ళ తరబడి పక్కపక్క పొయ్యిల దగ్గర నిలబడ్డవాళ్ళం. ఇళ్ళ మధ్య కూడా ఒక్క కంచే అడ్డు. ఆర్లీన్ వంటకు కొలతలుండేవి కావు. గిన్నె మీదికి వంగి ఒకసారి ఊపిరి పీల్చేది, అంతే. అలాంటి మనిషి ఒక శుక్రవారం చిల్లీ అనే మాంసం, చిక్కుడుగింజల కూర అడుగంటిపోయిన సంగతి తెలియక అలాగే పిల్లలకు వడ్డించింది. నేను ఆ సమయంలో సరుకుల గదిలో ఉన్నాను. 

“మిసెస్ మార్కోట్, ఇందులో టైరు ముక్క వేశారా?” అన్నది వరసలో ఉన్న ఓ పిల్ల. అందరూ నవ్వారు. ఆర్లీన్ కూడా నవ్వింది. ఆ తర్వాత చల్లగదిలోకి వెళ్ళి, పాల డబ్బాల మధ్య నిలబడి, ఎంతకీ బయటికి రాలేదు. మరుసటి వారం తనే అడిగి గిన్నెలు కడిగే వైపుకు మారిపోయింది.

ఇంట్లోనూ వంట మానేసింది. ఆమె భర్త లయనెల్‌కు డబ్బా సూపు, బ్రెడ్డే గతి. వాసన తిరిగి రావడానికని డాక్టరు ఇచ్చిన నూనె సీసాలను, లవంగం, నిమ్మ, గులాబీ, నీలగిరి, కొన్నాళ్ళు పొద్దునా సాయంత్రం వాసన చూసింది. “నాలుగిట్లోనూ నీళ్ళే పోశారనిపిస్తోందే డెల్లా” అని ఒకరోజు నాతో అని, వాటిని చెత్తబుట్టలో పడేసింది.

లయనెల్ హాప్స్ బట్టీలో పని చేస్తాడు. కోతల్లో ఒక్క రోజు కూడా నాగా పెట్టని మనిషి. ఆ ఏడు కోతలు రేపు మొదలనగా లారీ మెట్టు మీంచి జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. మోచేతి దాకా కట్టు. బట్టీ దగ్గరి స్నేహితులు పరామర్శకు వస్తూ ఇంట్లో బీరు తయారుచేసుకునే కిట్టు ఒకటి తెచ్చారు. పెట్టె మీద ‘ఇండియా పేల్ ఏల్, బాగా చేదు’ అని ఉంది. లోపల మొలకెత్తిన బార్లీతో చేసిన మాల్ట్ పాకం డబ్బా, బార్లీ గింజల సంచి, ఈస్టు పొట్లం, హాప్స్ గుళికల పొట్లాలు, ఒక బకెట్టు.

లయనెల్ ఒక పొట్లం తిప్పి చూసి పడీ పడీ నవ్వాడు. “డెల్లా, ఇది చూడు. ఇక్కడే పండించి, ఇక్కడే ఎండబెట్టి, ఎక్కడికో పంపి, పొట్లం కట్టించి మళ్ళీ నాకే బహుమతి తెచ్చారు, తెలివైనవాళ్ళు!”

“నువ్వే ఎండబెట్టావేమో,” అన్నాను.

“అయితే మంచి సరుకే.” అని ఆర్లీన్ వైపు తిరిగాడు. “ఒంటి చేత్తో నేను కాచలేను. నువ్వు కాచు. నేను చెప్తాను.”

“నువ్వు చెప్పడం, నేను చెయ్యడం. ఇన్నేళ్ళుగా జరుగుతున్నది అదేగా,” అంది ఆర్లీన్. కానీ కాదనలేదు. పాపం, ఊరంతా కోతల్లో ఉంటే అతను కిటికీ దగ్గర కూర్చుని లారీలు లెక్కపెట్టుకుంటున్నాడు. అది చూడలేకనే ఒప్పుకుంది.

ఆ శనివారం నేనూ వెళ్ళాను. రెండేళ్ళ తర్వాత ఆర్లీన్ పొయ్యి ముందు నిలబడింది. గింజల సంచిని వేడినీళ్ళలో నానబెట్టి తీసింది. మంట ఆపి పాకం కలిపింది. తేనెలా సాగుతూ పడిందది. మళ్ళీ పొయ్యి వెలిగించి, తెడ్డు గిన్నెలోనే ఉంచి, నాతో ఏదో మాటల్లో పడింది.

“ఆర్లీన్! పొంగుతోంది!” లయనెల్ కేక.

నురగ గిన్నె అంచు దాటి పొయ్యి మీదికి, అక్కణ్ణుంచి నేల మీదికి దిగింది. ఆమె మంట తగ్గించేలోగా నా చెప్పులు నేలకు అతుక్కుపోయాయి. పంచదార మాడిన ఘాటు ఇల్లంతా కమ్మేసింది. నేను, లయనెల్ దగ్గుతుంటే ఆర్లీన్ మాత్రం మామూలుగా గుడ్డ తడిపి తుడుస్తోంది. ఆమెకేమీ తెలియదు కదా. ఆ క్షణాన మేమిద్దరం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.

“ఏంటి ఆ మొహాలు?” అంది. “మాడిందా? చెప్పండి, మాడితే మాడిందని. నాకేం కాదు.”

“పొయ్యి మీద పడ్డదే మాడింది. గిన్నెలోది బాగానే ఉంది,” అన్నాడు లయనెల్.

చేదు కోసం మొదటి హాప్స్ పొట్లం వేసింది. ఉడుకు అయిపోవస్తుండగా రెండోది. లయనెల్ ఆ రెండో పొట్లాన్ని పళ్ళతో చింపి, అలవాటుగా ఆమె ముక్కు దగ్గర పెట్టి, “ఆహా, చూడు...” అని, మధ్యలో ఆగిపోయాడు. చేయి అలాగే గాల్లో ఉండిపోయింది.

ఆర్లీన్ ఆ పొట్లం తీసుకుని గిన్నెలో ఒంపింది. “బాగుందా?” అని అడిగింది.

“బాగుంది.”

“అయితే సరే.”

సింకులో ఐసు నింపి గిన్నెను చల్లార్చాం. శుద్ధి చేసే మందు నీళ్ళతో బకెట్టు కడిగి, గిన్నెలోది అందులో పోశాం. చన్నీళ్ళు కలిపి, ఈస్టు చల్లి, మూత బిగించాం. మూతకు లోపలి గాలి బయటికి పోవడానికి నీళ్ళున్న చిన్న గొట్టం ఉంటుంది. మర్నాడు అది బుడుగ్ బుడుగ్‌మనడం మొదలుపెట్టింది. ఆర్లీన్ పొద్దున కాఫీ కప్పుతో వెళ్ళి వెనక గదిలో దాని పక్కన కూర్చునేది. బీరు వాసన తెలియకపోయినా దాని చప్పుడైనా వినపడుతోందన్నట్టు ఉండేదామె ధోరణి. తర్వాతి వారానికి ఆ చప్పుడు ఆగిపోయింది.

“చచ్చింది. నా చేతుల్లో ఏదీ బతకదు,” అంది కంచె దగ్గరికి వచ్చి.

లయనెల్ కిట్టు అమ్మే దుకాణానికి ఫోన్ చేశాడు. అక్కడి మనిషి నవ్వి, పులియడం నెమ్మదించింది తప్ప చావలేదని, మిగిలిన హాప్స్ పొట్లం ఇప్పుడు ఉడికించకుండా అలాగే వేసెయ్యమని, వాసనకు అదే ముఖ్యమని చెప్పాడట.

ఆ సాయంత్రం నేను మా పెరట్లో టమాటాలు కోస్తుంటే వాళ్ళ వెనక గదిలోంచి ఆర్లీన్ అరుపు వినపడింది. “లయనెల్! డెల్లా! రండి! ఇది కుళ్ళిపోయింది!”

పరిగెత్తాను. ఆర్లీన్ చింపిన పొట్లాన్ని చేయి చాచి దూరంగా పట్టుకుని ఉంది. మొహం చిట్లించి, “ఛీ, ఎవరిచ్చారయ్యా ఈ సరుకు? కుళ్ళిన ఉల్లిపాయలు, కాలిన రబ్బరు. దీన్ని బీరులో వేస్తే పందులు కూడా తాగవు!” అంది.

లయనెల్ అందుకుని వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. నాకిచ్చాడు. నారింజ తొక్క, దేవదారు ఆకు, కొంచెం పచ్చగడ్డి. శుభ్రంగా ఉంది.

“బాగానే ఉందిగా,” అన్నాను.

“మీ ఇద్దరికీ ముక్కులున్నాయా లేవా? కంపు కొడుతోంటే...”

లయనెల్ మొహం మారిపోయింది. నెమ్మదిగా, ఏదో పిట్టను బెదరగొట్టకూడదన్నట్టుగా అన్నాడు. “ఆర్లీన్. కంపని నీకెలా తెలిసింది?”

ఆమె నా చేతిలోంచి పొట్లాన్ని గుంజుకుని ముక్కుకు ఆనించుకుంది. వెంటనే ఓకరించింది. మళ్ళీ ఆనించుకుంది. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, మళ్ళీ ఓకరిస్తోంది, మళ్ళీ పీలుస్తోంది.

“చాల్లే, వాంతి చేసుకుంటావ్,” అన్నాను.

“చేసుకోనియ్యవే!” అంది.

ఆ తర్వాత ఇల్లంతా తిరిగింది. కాఫీ డబ్బా మూత తీసింది. రబ్బరు. వెల్లుల్లి చిదిమింది. రబ్బరు. సబ్బులో ఏమీ లేదు. తువ్వాలులో ఏమీ లేదు. చివరికి లయనెల్ చేతి కట్టు దగ్గర ముక్కు పెట్టి, “అబ్బా! నువ్వు కూడా కంపే,” అంది.

“అందులో నీ ముక్కు తప్పేం లేదు. అది నిజంగా కంపే,” అన్నాను. ముగ్గురం గోడకు ఆనుకుని నవ్వాం, నవ్వి నవ్వి నేల మీద కూలబడ్డాం. హాప్స్ వేయడం మాటే మరిచిపోయాం. గుర్తొచ్చి లయనెల్ ఎడమచేత్తో బకెట్టులో ఒంపాడు.

డాక్టరు కూడా మంచి మాటే చెప్పాడు. నరాలు మళ్ళీ చిగురిస్తున్నప్పుడు వాసనలు ఇలా తప్పుగా తెలుస్తాయట. చాలామందికి అవి మెల్లగా సర్దుకుంటాయట. ఎన్నాళ్ళు పడుతుందో, పూర్తిగా వస్తుందో లేదో మాట ఇవ్వలేనన్నాడు.

అక్కణ్ణుంచి అంతా సుఖమేనని చెప్పను. ఆ నెలంతా ఆర్లీన్‌కు తిండి సయించలేదు. గుడ్డు, మాంసం, కాఫీ, ఏది చూసినా అదే కాలిన రబ్బరు. పెరుగు, ఆపిల్ ముక్కలతో గడిపింది. బుగ్గలు పీక్కుపోయాయి. “దీనికన్నా ఏమీ తెలియకపోవడమే నయమేమో?” అని అడిగాను ఒకరోజు. “నీకు పిచ్చా?” అంది నా వైపు చూసి. “వంటింట్లో గ్యాసు లీకైతే ఇప్పుడు నాకు తెలుస్తుంది. నువ్వు ఒకసారి అసలేమీ లేకుండా ఉండి చూడు, అప్పుడడుగు.”

బీరును సీసాల్లోకి మార్చడం నేనూ ఆమే చేశాం. లయనెల్ స్టూలు మీద కూర్చుని, సీసా నిండా పోస్తున్నారనీ, తక్కువ పోస్తున్నారనీ మార్చి మార్చి విసిగించాడు. నురగ కోసం సీసాల్లో వేసే చక్కెర ఎక్కువైతే అవి పేలతాయని ఎవరో అన్నారని, వాటిని స్నానాల తొట్టిలో పేర్చి పైన దుప్పటి కప్పాడు. ఆ రెండు వారాలూ వాళ్ళు మా ఇంటికొచ్చి స్నానం చేశారు. ఒక్కటీ పేలలేదు.

కోతలు అయిపోయాయి. బట్టీలు చల్లారాయి. లయనెల్ చేతి కట్టు తీసేశారు. ఆ ఆదివారం సాయంత్రం మొదటి సీసా మూత తీశాడు. సన్నగా బుస్సుమంది. గ్లాసులో రాగి రంగు, పైన తెల్లని నురగ. మూడు గ్లాసుల్లో పంచాడు. ఆర్లీన్ గ్లాసు పట్టుకుని కాసేపు అలాగే కూర్చుంది. మళ్ళీ ఆ కంపే వస్తుందని భయం. మేము ఆమె వైపు చూడకుండా ఉండడానికి నానా తంటాలు పడ్డాం.

ఊపిరి పీల్చింది. ఒక గుక్క తాగింది. కళ్ళు మూసుకుని ఇంకో గుక్క.

లయనెల్ ఇక ఉండబట్టలేక, “ఎలా ఉంది?” అన్నాడు.

“చేదు.”

“అది పెట్టె మీదే రాసుంది. ఇంకా?”

“ముందు రబ్బరే,” అంది. “దాని వెనక... ఉండు.” మళ్ళీ వాసన చూసింది. “పంపరపనస తొక్క. కొంచెమే. వచ్చింది, పోయింది. అదిగో, మళ్ళీ వచ్చింది.”

లయనెల్ గ్లాసు బల్ల మీద పెట్టి, నయమైన చేత్తో మొహం కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఆర్లీన్ అతని వీపు రాస్తూ, “ఏంటయ్యా, నీ బీరు అంత బాగోలేదా?” అంది.

ఆమెకు గులాబీలు ఇప్పటికీ తెలియవు. వెల్లుల్లి ఇంకా అనుమానమే. కానీ శీతాకాలం సెలవుల తర్వాత గిన్నెల వైపు నుంచి తిరిగి నా పక్కకు వచ్చింది. ఏప్రన్ కట్టుకుని వచ్చి నిలబడింది, నేను జరిగి చోటిచ్చాను. ఆ రోజు కోడి సూపు. గిన్నె మీదికి వంగి ఊపిరి పీల్చి, “సెలరీ ఎక్కువైందే,” అంది.

ఎక్కువైన మాట నిజమే. ఆ కాడలు కోసింది నేనే.